అత్తగారి పొయ్యి, అల్లుడి పేరు

హోలిస్ ట్యాకెట్ ఉత్తరాలు పంచే మనిషి. మిజూరీ రాష్ట్రపు దక్షిణపు కొసన, మిసిసిపీ గట్టుకి ఇవతల, పత్తి చేలూ సోయా చేలూ తప్ప కంటికి అడ్డం రాని నేల మీద పాతికేళ్ళ పైచిలుకు ఒకే దారిలో బండి నడిపాడు. మాట తక్కువ. ఎవరైనా వసారాలోంచి పలకరిస్తే చెయ్యెత్తి ఊపేసి ముందుకి సాగిపోయేవాడు. అయినా విల్లో బెండ్ చుట్టుపక్కల అతన్ని ఎరగనివాళ్ళు లేరు. అది ఉత్తరాలు తెచ్చిపెట్టిన పేరు కాదు, పంది మాంసం తెచ్చిపెట్టిన పేరు.

ఊళ్ళో ఎవరు పోయినా, ఎవరికి పెళ్ళయినా, చర్చికి కొత్త పైకప్పు వేయించాలన్నా హోలిస్ పెరట్లో పొగ లేవాల్సిందే. పంది భుజాన్ని ఎముకతో సహా హికరీ కట్టెల సెగ మీద పెట్టి, వేళ్ళతో లాగితే ఊడొచ్చేంత మెత్తబడ్డాక తీసి తరిగి, వెనిగరూ మిరపపొడీ కలిపిన నీళ్ళు చల్లేవాడు. దాన్ని తెల్ల రొట్టె మీద వేసి, పక్కన రెండు దోసకాయ ఊరగాయ ముక్కలు పెట్టి ఇచ్చేవాడు. తిన్నవాళ్ళు వేళ్ళు నాక్కుంటూ, హోలిస్ చేతిలో ఏదో ఉందిరా అనుకునేవాళ్ళు.

ఉన్నమాట చెప్పాలంటే, ఆ ఏదో ఉన్నది హోలిస్ చేతిలో కాదు, అతని అత్తగారి నోట్లో.

ఓపల్ డనవంట్‌కి అప్పటికే ఎనభై దగ్గరపడుతోంది. మొగుడు నది మీద సరుకు పడవల్లో పనిచేస్తూ ఏడాదిలో సగం రోజులు ఇంటి పట్టున ఉండేవాడు కాదు. ఆయన పోయాక ఆవిడ కూతురు మార్వా ఇంటి వెనకున్న రెండు గదుల్లోకి మారింది. నిప్పు సంగతి ఆవిడకి తండ్రి నేర్పాడు. పత్తి మిల్లులో పని ముగిసిన రోజున కూలీలందరికీ పెట్టే విందుకి వంట ఆయనదే. ఆడపిల్ల పొయ్యి ముందు నిలబడితే నలుగురూ నాలుగు మాటలంటారని, ఆయన ఆమెని కట్టెల గుట్ట వెనక కూర్చోబెట్టి, పొగ రంగు చూసి చెప్పమనేవాడు. ఆవిడ అక్కణ్ణుంచే చెప్పేది. చెప్పడం అప్పుడే అలవాటైంది.

పెళ్ళయిన కొత్తలో హోలిస్ మాటిమాటికీ పొగపొయ్యి మూత ఎత్తి చూస్తుంటే, ఆవిడ కుర్చీలోంచి లేవకుండానే కర్రతో అతని మణికట్టు మీద ఒక్కటి తగిలించింది. "అస్తమానం అలా చూస్తుంటే అది సిగ్గుపడి ఉడకదయ్యా" అంది. ఆనాటి నుంచీ పొయ్యి ముందు అల్లుడు నిలబడటం, మడత కుర్చీలో అత్తగారు కూర్చుని కట్టె జరపమనీ, గాలి తగ్గించమనీ, ఇప్పుడు తిప్పమనీ చెప్పడం. జనం వచ్చి హోలిస్ భుజం తట్టేవాళ్ళు. అతను తల దించుకుని నవ్వేవాడు. ఓపల్ ఏమీ అనుకునేది కాదు. అనుకోదనే హోలిస్ కూడా అనుకున్నాడు.

ఇలా ఉండగా పోస్టాఫీసులో అతనితో పనిచేసే క్లైడ్ అనేవాడు ఒక మాట వేశాడు. కేన్ రిడ్జ్ సంత మైదానంలో వేసవి మొదట్లో బార్బెక్యూ పోటీ జరుగుతుందనీ, నాలుగు రాష్ట్రాల వాళ్ళు వస్తారనీ, అక్కడ పెట్టే మాంసం హోలిస్ మాంసం కాలిగోటికి చాలదనీ చెప్పాడు. నువ్వు వెళ్ళి తిన్నావా అంటే తినలేదు, చూశానన్నాడు. అయినా ఆ మాట హోలిస్ మనసులో ముల్లులా దిగింది. వేలకొద్దీ మంది బాగుందన్నారు సరే, బాగోగులు తెలిసినవాళ్ళు ఏమంటారో వినాలనిపించింది. యాభై ఏడేళ్ళ వయసులో అతను తనకోసం కోరుకున్న మొదటి కోరిక అదేనని మార్వా తరవాత చెప్పింది.

ఓపల్ వింది. "ఆకలేసినవాళ్ళకి పెడుతున్నాం, తింటున్నారు. మార్కులెందుకయ్యా మనకి?" అంది. అంటూనే బయల్దేరే రోజున తన మడత కుర్చీ తనే మోసుకొచ్చి ట్రక్కులో పడేసింది.

మైదానంలోకి అడుగుపెట్టగానే హోలిస్ టోపీ వెనక్కి నెట్టి చూశాడు. ఇళ్ళంత పొడుగు ట్రైలర్ బండ్లు బారులు తీరి ఉన్నాయి. వాటికి కిటికీలు, వంటగట్లు, కుళాయిలు, లోపల చల్లగాలి. జట్ల పేర్లు ఎర్రటి అక్షరాలతో రాసి ఉన్నాయి. హోలిస్ వెల్డింగు షాపులో చేయించుకున్న పొగపొయ్యిని ట్రక్కుకి తగిలించి తెచ్చుకున్నాడు. తనకిచ్చిన చోటు రెండు పెద్ద ట్రైలర్ల మధ్య సందు. అందులో ఓ డేరా, ఓ బల్ల, అత్తగారి కుర్చీ.

మొదటి దెబ్బ నిప్పు రాజేయకముందే తగిలింది. మాంసం తనిఖీ చేసే ఆవిడ వచ్చి పెట్టె తెరిచి చూసి, మర్యాదగానే మొహం చిట్లించింది. హోలిస్ ఎప్పటి అలవాటు ప్రకారం ముందు రోజే ఇంట్లో ఉప్పూ మిరియాలూ పట్టించి తెచ్చాడు. తనిఖీ కాకముందు మాంసానికి చిటికెడు ఉప్పు కూడా తగలకూడదట. ఆ సంగతి వాళ్ళు పంపిన కాగితాల్లో ఉంది. కాకపోతే ఏ చీటీ వెనకో సన్న అక్షరాల్లో ఉంది. "ఇది పనికిరాదండీ, కొత్తది తెచ్చుకుంటే చూస్తాను" అని ఆవిడ వెళ్ళిపోయింది. హోలిస్ ఊళ్ళోకి పరిగెత్తి, అప్పటికే అందరూ ఏరుకోగా దుకాణంలో మిగిలిన భుజాల్లో రెండు తెచ్చుకున్నాడు.

పోనీ మాంసం ఒక్కటేనా అంటే కాదు. కోడి, పంది పక్కటెముకలు, పంది భుజం, గొడ్డు రొమ్ము, నాలుగూ వండాలి. విల్లో బెండ్ మనుషులు గొడ్డు రొమ్ము పొగలో పెట్టి ఎరగరు. అది నదికి పడమటగా, చాలా దూరాన ఉండేవాళ్ళ తిండి. హోలిస్ దాన్ని ఎలా వండాలో క్లైడ్‌ని అడిగి తెలుసుకున్నాడు. క్లైడ్‌కి ఎవరు చెప్పారో తెలీదు.

పక్క ట్రైలరు క్యాన్సస్ నుంచి వచ్చిన రాన్స్ కెస్లర్ దంపతులది. మంచివాళ్ళే. డేరా తాడు తెగితే రాన్స్ వచ్చి కట్టిపెట్టాడు. ఐసు కావాలంటే ఐసు, కత్తి కావాలంటే కత్తి. ఉప్పు అడిగితే ఇస్తారు. అదేం ఉప్పని అడిగితే నవ్వుతారు. హోలిస్ అటు రెండడుగులు వేస్తే చాలు, రాన్స్ మాటలు ఆపకుండానే తన పొయ్యి మూత మెల్లిగా దించేవాడు. మరో పక్కవాళ్ళూ అంతే. రాన్స్ భార్య డాటీ పెద్ద సూది పట్టుకుని పంది భుజంలోకి ఏదో పులుసు ఎక్కిస్తుంటే ఓపల్ కుర్చీలోంచి తొంగి చూసి, "ఏమ్మా, దానికి జ్వరమొచ్చిందా?" అని అడిగింది. డాటీ పడీ పడీ నవ్వింది. సూదిలో ఏముందో మాత్రం చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం పెట్టెలు అందించే వేళయింది. మూత ఉన్న తెల్ల డబ్బాలో పచ్చటి ఆకులు పరిచి, వాటి మీద ఆరుగురికి సరిపడా ముక్కలు పేర్చి, గడియారం ముల్లు చెప్పిన వేళకి బల్ల దగ్గర ఇవ్వాలి. కాస్త ఆలస్యమైతే తీసుకోరు. హోలిస్ తెచ్చిన ఆకులు అంచుల్లో ఎరుపు తేలి ఉన్నాయి. ఎర్ర అంచు ఆకులు పనికిరావని డాటీ చూసి, తన దగ్గరున్న పచ్చాకులు ఓ గుప్పెడు ఇచ్చింది. హోలిస్ గొప్ప సాయమనుకున్నాడు. సాయమే. గొడ్డు రొమ్ము చెప్పు అట్టలా వచ్చింది, కోడి తోలు రబ్బరులా సాగింది. అవి అతను పెద్దగా పట్టించుకోలేదు. పంది భుజం మాత్రం తన చేతివాటం ప్రకారమే కుదిరింది. దాన్ని డబ్బాలో అందంగా పేర్చి, మర్యాద తెలిసిన మనిషి కనక, ఒక పక్కన తెల్ల రొట్టె ముక్కలూ ఊరగాయ ముక్కలూ కూడా పెట్టి ఇచ్చాడు.

డబ్బాలో మాంసమూ ఆకులూ తప్ప ఇంకేది కనపడినా అది దోషం. జడ్జీలు ఆరుగురూ తలో అట్టడుగు మార్కూ వేశారు. డాటీ ముందే చెప్పి ఉండేది గానీ, డబ్బాలో రొట్టె పెట్టే మనిషి ఉంటాడని ఆవిడకి ఊహ మాత్రం తట్టలేదు.

సాయంత్రం పేర్లు పిలిచారు. హోలిస్ టోపీ చేతిలో పట్టుకుని చివరిదాకా విన్నాడు. తరవాత గోడకి అంటించిన పట్టీలో అతని పేరు కింది నుంచి రెండోది. అందరికంటే అడుగున ఉన్న జట్టు గాలికి డేరా కూలి, డబ్బాలే ఇవ్వలేకపోయిన జట్టు. పంది భుజానికని వేరే ఉన్న వరుసలో, డబ్బా ఇచ్చినవాళ్ళలో ఆఖరు హోలిసే.

ఇంటిదారిలో గట్టు దాటాక ఓపల్, మిగిలింది రేపు చర్చిలో పెడదాం, పాడవుతుంది అంది. పెట్టారు. జనం ఎప్పటిలాగే వేళ్ళు నాక్కున్నారు, ఎప్పటిలాగే భుజం తట్టారు. అంతకుముందు హాయిగా ఉండే ఆ తట్టడం ఆ ఆదివారం హోలిస్‌కి చెంపదెబ్బలా ఉంది. వీళ్ళకేం తెలుసు అనుకున్నాడు. అలా అనుకున్నందుకు మళ్ళీ సిగ్గుపడ్డాడు.

ఆ చలికాలమంతా అతనికి అదే ధ్యాస. పోటీల వీడియోలు చూశాడు, నిబంధనలు కంఠతా పట్టాడు, సూది కొన్నాడు. గెలిచేవాళ్ళు వండేది తియ్యగా ఉంటుందని తెలుసుకుని తేనె, వెన్న, గోధుమరంగు పంచదార డబ్బాలకి డబ్బాలు తెచ్చాడు. మార్వా ఆసుపత్రి లాండ్రీలో పని ముగించుకుని ఇంటికొచ్చి, వంటింట్లో కాలు జిగటగా అంటుకుంటుంటే, "ఇంట్లో తేనెపట్టు పెట్టావా ఏంటి?" అనేది. వారంవారం పెరట్లో పొగ లేచేది, కానీ అది ఊరివాళ్ళకి కాదు. తిని చెప్పడానికి మార్వా, క్లైడ్, ఓపల్ అంతే.

ఓపల్ రెండు ముక్కలు తిని మూడోది పళ్ళెంలో వదిలేసింది. "ఇది మాంసమా, మిఠాయా?" అంది. మరో వారం, కట్టె తడిగా ఉంది మార్చమంది. హోలిస్ మార్చలేదు, వీడియోలో మరోలా చెప్పారన్నాడు. ఇంకో వారం, సూది పొడుస్తుంటే చూడలేక, చచ్చినదాన్ని మళ్ళీ ఎందుకయ్యా చంపుతావని అడిగింది. అప్పటికి హోలిస్‌ రెండుసార్లు చెడిన వంటని మూడోసారి మొదలెడుతున్నాడు, చేతులు కాలి ఉన్నాయి.

"పోటీకి వెళ్ళేది నా పేరు మీద అత్తయ్యా. తల వంచుకునేది నేను" అన్నాడు.

గట్టిగా అనలేదు. హోలిస్ ఏదీ గట్టిగా అనడు. ఓపల్ లేచి, కుర్చీ మడిచి చంకలో పెట్టుకుని, తన రెండు గదుల్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ చలికాలంలో మళ్ళీ పొయ్యి దగ్గరికి రాలేదు. భోజనాల దగ్గర మాట్లాడేది, వాన గురించి, మోకాళ్ళ గురించి. పొయ్యి ఊసు ఎత్తేది కాదు. క్షమించమని అడగాలని హోలిస్ అనుకోని రోజు లేదు. ఎలా మొదలెట్టాలో తెలీక ఉత్తరాలు పంచడానికి వెళ్ళిపోయేవాడు.

రెండో ఏడు పోటీకి మార్వాతో కలిసి వెళ్ళాడు. ఉప్పు తగలని మాంసం, పచ్చటి ఆకులు, గడియారం పక్కనే ఉంచుకున్నాడు. ఒక్క తప్పు కూడా దొర్లలేదు. పట్టీలో నడిమధ్యకి వచ్చాడు, పంది భుజం కూడా అక్కడే. అట్టడుగు నుంచి మధ్యకి ఎగబాకడం చిన్న సంగతి కాదని మార్వా సంతోషించింది. అంతా అయ్యాక రాన్స్ వచ్చి, బల్ల మీద మిగిలిన ముక్క నోట్లో వేసుకుని తల ఊపాడు.

"బాగుంది హోలిస్. అచ్చం మాదాన్లాగే ఉంది" అన్నాడు.

రాన్స్ దాన్ని మెప్పుగానే అన్నాడు. హోలిస్ కూడా ఓ ముక్క తిన్నాడు. అందులో వెనిగరు లేదు, మిరప లేదు, పెరడు లేదు. నిజంగానే అది ఎవరిదైనా కావచ్చు. రాన్స్‌దాన్లాగే వండేటప్పుడు, ఇరవై ఏళ్ళుగా వండుతున్న రాన్స్ ముందుంటాడు గానీ తనెలా ఉంటాడని ఇంటికొచ్చేదారిలో మార్వాతో అన్నాడు. మార్వా దగ్గర అప్పటికే ఒక రహస్యం ఉంది.

రహస్యమేమిటంటే, అంతకు నెల ముందు ఓపల్ కూతుర్ని పక్క ఊరి ఫైర్ స్టేషన్‌కి తీసుకెళ్ళమంది. అక్కడ ఒక రోజంతా బార్బెక్యూ జడ్జీలకి శిక్షణ. పళ్ళ డాక్టర్లూ బీమా ఏజెంట్లూ కూర్చున్న గదిలో అందరికంటే పెద్ద వయసు ఆవిడదే. ఒకదాన్ని మరోదానితో పోల్చకూడదనీ, ముక్కలో ఎంత కొరకాలో, మెత్తదనం ఎలా చూడాలో చెప్పారు. చివర్లో కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేయించారు. ఓపల్ ఎడంచేత్తో కుర్చీ పట్టుకుని, కుడిచెయ్యి ఎత్తి, గట్టిగా చదివిందట. మా అమ్మ తన పెళ్ళిలో కూడా అంత గట్టిగా చెప్పి ఉండదని మార్వా అంది.

ఆకు రాలే కాలంలో రాష్ట్రపు సరిహద్దుకి ఆవల ఆర్కన్సాలో ఒక పోటీకి జడ్జిగా ఓపల్‌కి పిలుపు వచ్చింది. ఆ రోజు మార్వాకి సెలవు దొరకలేదు. తలుపు తట్టిన అత్తగారు చేతిసంచితో సిద్ధంగా నిలబడి, "నన్నోచోట దింపాలయ్యా" అంటే, ఎక్కడికని కూడా అడక్కుండా హోలిస్ కారు తీశాడు. సరిహద్దు దాటాక గానీ సంగతి చెప్పలేదు ఆవిడ.

జడ్జీలు కూర్చునే డేరాలోకి వేరేవాళ్ళని రానివ్వరు. అతను బయట కారులోనే కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటాక ఓపల్ పొట్ట పట్టుకుని, మెల్లగా నడుస్తూ వచ్చింది. సీటు వెనక్కి వాల్చమంది. కాసేపు కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందేమో అని హోలిస్ బండి కదిలించబోతే మాట్లాడింది.

"అక్కడెవడికీ ఆకల్లేదు హోలిస్."

"అంటే?"

"అంటే ఏముంది. కోడి ఆరు రకాలు, ఎముకలు ఆరు రకాలు. పంది వచ్చేసరికి నా పొట్ట ఇక్కడిదాకా వచ్చింది. పక్కన కూచున్నాయన బెల్టు వదులు చేసుకున్నాడు. ఒక్క ముద్ద కొరుకుతారు, రెండోది మహా అయితే. మార్కు వేసి అవతల పెట్టేస్తారు. ఆకలి లేనివాడికి వండటం వేరే విద్యయ్యా. అది మనకి రాదు. మనకి రాదని ఇవాళ్టిదాకా నాకు తెలీదు."

హోలిస్ ఇంజను ఆపేశాడు.

"మనదేమో మొదటి ముద్దకి పుల్లగా తగులుతుంది. తరవాత పొగ తెలుస్తుంది. మాంసం తీపి తెలిసేసరికి నాలుగో ముద్ద. రొట్టె అందుకే, ఊరగాయ అందుకే. వాళ్ళు నాలుగో ముద్దదాకా ఉండరు. వాళ్ళ తప్పు కాదది." ఆవిడ చేతిసంచి ఒళ్ళోకి తీసుకుంది. "ఒకడి పంది మాంసం పాకం పట్టినట్టు తియ్యగా ఉంది. నాకు నచ్చలా. కానీ వండటంలో తప్పు లేదు. ఎక్కడా ఎండలేదు, ఎక్కడా నలగలేదు. నిండా మార్కులేశాను."

"మీరా?"

"ప్రమాణం చేశాగా."

హోలిస్ నవ్వాడు. ఏడాది తరవాత ఆవిడ ముందు అతను నవ్వడం అదే మొదటిసారి. స్టీరింగ్ మీద చేతులుంచుకుని, ఎన్నాళ్ళుగానో నోటిదాకా వచ్చి ఆగిన మాట అప్పుడన్నాడు.

"ఆ రోజు నేనొక మాటన్నాను అత్తయ్యా. పేరు సంగతి."

"పేరు నీదేగా. అబద్ధమేం చెప్పలేదు నువ్వు."

"అయినా అనకుండా ఉండాల్సింది."

"ఉండాల్సింది" అని ఓపల్ ఒప్పుకుంది. "పేరు నీది. పొయ్యి మాత్రం నాది. అది మాత్రం మర్చిపోకు. ఇక పోనీ, నాకు సోడా ఏదైనా కొనిపెట్టు, ఛాతీ మండిపోతోంది."

ఆ చలికాలం పెరట్లోకి మళ్ళీ మడత కుర్చీ వచ్చింది. పంచదార డబ్బాలు మార్వా అక్కడా ఇక్కడా పంచేసింది. సూదిని మాత్రం ఓపలే పారేయనివ్వలేదు, దానివల్ల మాంసం ఎండకుండా ఉంటుందని తన నోటితో తినిచూసి వచ్చింది కదా. అందులోకి మాత్రం పంది ఎముకలు కాచిన చారు తప్ప ఏదీ పోయనివ్వలేదు. వెనిగర్ని అలాగే చల్లకుండా, మాంసం కార్చిన రసంలో వేసి, కాస్త జొన్నపాకం కలిపి, సగమయ్యేదాకా మరిగించారు. మొదటి ముద్దకే పులుపూ తీపీ పొగా మూడూ కలిసి తగలాలని ఆవిడ పట్టు. ఎన్నోసార్లు చెడింది. ఓసారి మరీ చిక్కబడి గరిటె నిలబడిపోయింది. భుజంలో మెడ వైపుండే గుండ్రటి కండ ఒకటుంది, అది మిగతాదానికంటే మెత్తన, కొవ్వు చారలు చారలుగా ఉంటుంది. ఇన్నేళ్ళూ దాన్ని మిగతాదాంతో పాటే నరికేస్తున్నామని హోలిస్ అనుకునేవాడు. ఇప్పుడు దాన్ని విడిగా తీసి, బిళ్ళలుగా కోయడం నేర్చుకున్నారు. అమ్మా, ఇన్నాళ్ళూ ఇది నీకు తెలీదా అని మార్వా అడిగితే, తెలుసే, అది వంటవాళ్ళ వాటా, మీకెవరికీ పెట్టలేదంతే అంది.

గొడ్డు రొమ్ము ఒక్కటీ ఇద్దరికీ లొంగలేదు. ఓపల్‌కి దాని మీద నమ్మకం లేదు. ఎవరి మాంసం వాళ్ళు వండుకోవాలని ఆవిడ సిద్ధాంతం.

మూడో ఏడు దరఖాస్తులో ప్రధాన వంటమనిషి పేరు అన్న చోట హోలిస్ ఓపల్ డనవంట్ అని రాశాడు. ఎవరికీ చెప్పలేదు. కేన్ రిడ్జ్‌లో అదే సందు, అదే కెస్లర్ల ట్రైలరు పక్కన. రాన్స్ చూసి, పలకరించి, ఈసారి తన పొయ్యి మూత దించకుండా వచ్చి హోలిస్ బల్ల మీద చెయ్యి వేశాడు. గొడ్డు రొమ్ము ఎలా వస్తోందని అడిగాడు. చెప్పులు కుట్టుకోవడానికి బాగుంటోందని హోలిస్ అన్నాడు. రాన్స్ అటూ ఇటూ చూసి, పొయ్యిలోంచి తీసి కోసేస్తున్నావు కదూ, అక్కడే ఉంది తప్పు, ఐసు లేని ఐసుపెట్టెలో గుడ్డలు చుట్టి కొన్ని గంటలు పడుకోబెట్టు, అప్పుడు కొయ్యి అన్నాడు.

"రెండేళ్ళు చెప్పలేదే?" అన్నాడు హోలిస్.

"రెండేళ్ళు ఎంతోమంది వస్తారు. డేరాలు అమ్ముకుని వెళ్ళిపోతారు. వాళ్ళందరికీ చెబుతూ కూచుంటే ఎప్పుడు వండుకుంటాను? మూడోసారి వచ్చావంటే ఇక పోవని అర్థం." అని రాన్స్, హోలిస్ అత్తగారి వంక తిరిగి టోపీ తీశాడు. "ఆర్కన్సాలో మా డబ్బా మీ బల్లకే వచ్చిందని తెలిసిందమ్మా. ఎన్ని మార్కులు వేశారు?"

"డబ్బాల మీద పేర్లుండవుగా నాయనా" అంది ఓపల్.

ఆ రాత్రి అల్లుడూ అత్తగారూ వంతులవారీగా నిద్రపోయారు. పొద్దున్నే ఓపల్ పొగ రంగు చూసి ఒక కట్టె తీయించింది. భుజాన్ని వేలితో నొక్కి, ఇప్పుడు అంది. హోలిస్ తీశాడు. బిళ్ళలు కోసేటప్పుడు మార్వా డబ్బా పట్టుకుంది. డబ్బాలో రొట్టె లేదు, ఊరగాయ లేదు. మూత వేసే ముందు ఆ ఖాళీ చూసి హోలిస్‌కి ఏదో వెలితిగా అనిపించింది గానీ వేశాడు.

సాయంత్రం పంది భుజానికి పదో స్థానం నుంచి పైకి పిలుస్తూ వచ్చారు. ఆరో స్థానం దగ్గర ఓపల్ డనవంట్ అన్నారు. ఓపల్ బూట్లు విప్పి, కాళ్ళు చాపుకుని, కునుకులో ఉంది. హోలిస్ భుజం తట్టి లేపాడు.

"పిలిచారు అత్తయ్యా."

"నిన్నేగా. వెళ్ళు."

"నన్ను కాదు, మిమ్మల్ని."

ఆవిడ కళ్ళు తెరిచి అల్లుణ్ణి చూసింది. వేదిక మీద పిలిచే ఆయన పేరు మళ్ళీ చదివాడు. అప్పుడు కూడా ఓపల్ వెంటనే లేవలేదు. ఎనభై ఏళ్ళుగా కట్టెల గుట్ట వెనకా కుర్చీలోనూ ఉన్న మనిషి, నలుగురి ముందుకీ నడవడమంటే ఎలాగో ఆలోచిస్తున్నట్టుంది. తరవాత బూట్లు వేసుకోకుండానే, మేజోళ్ళతోనే, హోలిస్ చెయ్యి పట్టుకుని గడ్డి మీద నడిచింది. మెట్ల దగ్గర అతని చెయ్యి వదిలేసింది. పైన ఫలకం ఇస్తుంటే అందుకుని, ఏమైనా చెబుతారా అని మైకు పెడితే, లేదు నాయనా అని దిగి వచ్చేసింది. చప్పట్లలో అందరికంటే ఆలస్యంగా ఆగింది డాటీ కెస్లర్. హోలిస్ అసలు చప్పట్లే కొట్టలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నిలబడ్డాడని మార్వా చెప్పింది.

మొత్తం మీద పట్టీలో వాళ్ళు మళ్ళీ నడిమధ్యే. కోడి పర్వాలేదు, ఎముకలు పర్వాలేదు. రొమ్ము అడుగున. వాళ్ళు ఛాంపియన్లు కాలేదు, ఆ తరవాత కూడా కాలేదు. ఏడాదికి ఒకటో రెండో పోటీలకి వెళ్తారు, అంతకంటే ఎక్కువంటే వాళ్ళ చేతికి మించిన పని. ఓపల్ తను వండని చోట జడ్జిగా వెళ్తుంది, ముందు రోజు రాత్రి భోజనం మానేసి మరీ. అక్కడ ఎవరి గురించీ ఎవరికీ ఏమీ చెప్పదు, హోలిస్‌కి కూడా. మార్కుల సంగతి తప్ప ప్రపంచంలో అన్నీ చెబుతుంది.

ఊరివాళ్ళకి మాత్రం పాత పద్ధతిలోనే వండుతారు. చర్చిలో కొత్త పాస్టరు ఒకసారి, ఆ బహుమతి వచ్చిన పంది మాంసం మాకెందుకు పెట్టరని అడిగాడు. మీకు ఆకలేస్తుంది కదండీ, అందుకని అన్నాడు హోలిస్. పాస్టరుకి అర్థం కాలేదు. ఓపల్‌కి నవ్వొచ్చింది.

ఈ మధ్య గొడ్డు రొమ్ము మీద పడ్డారు ఇద్దరూ. రాన్స్ చెప్పినట్టు గుడ్డలు చుట్టి పడుకోబెడుతున్నారు. పోయిన శనివారం తీసి కోస్తే కత్తి కింద మెత్తగా వంగింది, కానీ మధ్యలో ఇంకా కాస్త పీచు. ఓపల్ ఒక ముక్క నమిలి, చాలాసేపు నమిలి, ఇది తినొచ్చు అంది. బాగుందా అత్తయ్యా అని హోలిస్ అడిగాడు. "తినొచ్చు అన్నాను" అంది ఆవిడ, ఇంకో ముక్క కోసం చెయ్యి చాపుతూ.